వానాకాలం చేపలు నలభై

చేపల మీద ఆరేళ్ళుగా పరిశోధన చేస్తున్న అమ్మాయి, ఆ లాబ్‌లో ముప్పై ఏళ్ళుగా అటెండరుగా పనిచేస్తున్న ఆవిడ. పొద్దున పది గంటలు. ఫ్రీజర్ తలుపు బార్లా తెరిచి ఉంది. వాసన సంగతి అడక్కండి.

"ముక్కు మూసుకుని నిలబడితే ఫ్రీజర్ ఖాళీ అవదు డాక్టరమ్మా. ఈ సంచులన్నీ ఏం చెయ్యమంటావు?"

"పారెయ్ అక్కా."

"అన్నీనా?"

"అన్నీ."

"నలభై చేపలు. ఒక్కటీ కొయ్యకుండా."

"అవి ఎక్స్‌ట్రా అని చెప్పాను కదా. థీసిస్‌కి అక్కర్లేదు. పన్నెండుకల్లా ఫ్రీజర్ కొత్తవాళ్ళకి ఇచ్చెయ్యాలి. గైడ్ సార్ పదకొండుకి వస్తారు, సంతకాలైతే థీసిస్ ఇవాళే పరీక్షకులకి వెళ్ళిపోతుంది. ఇంక చేపలతో నాకేం పని?"

"అక్కర్లేని చేపల కోసమా నేను కరెంటు పోయినప్పుడల్లా కింది అంతస్తు నుంచి ఐసు మోసింది?"

"ఎవరు మొయ్యమన్నారు?"

"నువ్వే. 'అక్కా, నా వానాకాలం చేపలు జాగ్రత్త, రేపు మొదలుపెడతా' అని నువ్వే అన్నావు. కత్తికి పదును లేదన్నావు, కొత్త బ్లేడ్లు తెప్పించా. గ్లవ్స్ వదులుగా ఉన్నాయన్నావు, చిన్నవి తెప్పించా. ఆ తర్వాత దీపం వెలుగు చాలలేదు. ఆడలేక మద్దెల ఓడని, చివరికి తప్పు బల్లది. బల్ల ఊగుతోందట."

"ఊగేది అక్కా, నిజంగా."

"కాలి కింద అట్టముక్క పెట్టా. అప్పుడైనా కోశావా? సంచుల మీద చీటీలు పీకి రంగు పెన్నులతో మళ్ళీ రాశావు. వేసవివి పసుపు, చలికాలానివి పచ్చ, వానాకాలానివి నీలం. వారం రోజులు. గోళ్ళకి రంగేసుకున్నట్టు ముచ్చటగా."

"చీటీలు చెరిగిపోతున్నాయి మరి."

"థాంక్స్ చెప్పే పేజీ ఎన్నిసార్లు రాశావు?"

"అదెందుకిప్పుడు?"

"ఎన్నిసార్లు?"

"ఆరుసార్లు."

"నా పేరు కూడా ఉందన్నావు. నీ పుస్తకంలో నా పేరు చూసుకుందామని నేనూ మురిసిపోయా. పని మాత్రం రేపు. సోమవారం. పండగయ్యాక. జలుబు తగ్గాక. ఇలా మీనమేషాలు లెక్కపెట్టే మనిషిని నా సర్వీసులో చూళ్ళేదు తల్లీ. నిన్ను చూస్తే ఒక్కోసారి జాలేస్తుంది, ఒక్కోసారి అసహ్యమేస్తుంది."

"వెయ్యనీ. నాకూ వేస్తోంది. పొద్దున లేచి అద్దంలో చూసుకుంటే ముందు అదే వేస్తుంది. నేను బద్ధకస్తురాలిని, సరేనా? తిట్టు. తిట్టేసి, పారేసినవి రాసే పుస్తకం ఇలా ఇవ్వు, సంతకం పెడతా."

"పెట్టు. ఇదిగో. పైన అచ్చేసి ఉన్నది చదివి పెట్టు."

"చదవక్కర్లేదు, తెలుసు."

"నేను చదువుతా. 'కోసి, చూసి, లెక్క రాసుకుని పారవేయడమైనది.' కింద రెండు సంతకాలు. ఒకటి కోసినవాళ్ళది, ఒకటి చూసినవాళ్ళది. చూసేది నేను. ముప్పై ఏళ్ళలో తెరవని పొట్టకి తెరిచారని సంతకం పెట్టలేదు."

"ఒక్కసారికి పెట్టక్కా."

"ఎందుకు పెట్టాలి? 'ఇవి కొయ్యలేదు' అని రాయి, కింద పెట్టేస్తా. దాంట్లో తప్పేముంది? ఎక్స్‌ట్రా అన్నావుగా."

"కొయ్యలేదని రాయకూడదు."

"ఎందుకు రాయకూడదు?"

"సార్‌కి నచ్చదు."

"నచ్చకపోతే నాకు చెప్తారు. రాయి."

"అక్కా, ప్లీజ్. సమయం లేదు."

"సమయం లేదని నువ్వంటున్నావా? రెండేళ్ళు ఆ కుర్చీలో కూర్చుని అది ఎటు తిరుగుతుందో చూశావు. సరే, రాయలేవు కదా, ఒక్కటి కొయ్యి."

"ఏంటీ?"

"ఒక్కటంటే ఒక్కటి. ఒకటో నంబరు పొద్దున ఎనిమిదికే తీసి ట్రేలో పెట్టా. మెత్తబడింది. నువ్వు ఈ లాబ్ నుంచి వెళ్ళేలోపు ఒక వానాకాలం చేపనైనా కొయ్యడం నేను చూడాలి. మొక్కు అనుకో."

"ఇప్పుడా?"

"లేదు, రేపు."

"వెటకారం వద్దక్కా."

"గ్లవ్స్ ఇవిగో. చిన్నవి."

"కోస్తే సంతకం పెడతావా?"

"ముందు కొయ్యి."

"నలభైకీ పెడతావా?"

"ముందు కొయ్యమన్నానా?"

"...కత్తెర ఇవ్వు."

"ఇదిగో. తోక వైపు నుంచి కదా మొదలుపెట్టేది?"

"ఆ. తోక వైపు నుంచి గొంతు దాకా. ఛీ. ఛీ, ఏం కంపు ఇది."

"చేప కంపు. రెండేళ్ళ చేప గంధం వాసనొస్తుందా?"

"వాంతొచ్చేట్టుంది."

"బేసిన్ పక్కనే ఉంది. చెయ్యి ఆపకు."

"ఆగు, ఆగు. ఇది కాలేయం. ఇది కాదు. ఇదిగో, ఇది పొట్ట. ఇంత గట్టిగా ఉందేంటి?"

"తిన్నదేదో అరగలేదేమో."

"గాజుగిన్నె ఇటు జరుపు. జల్లెడ. కొంచెం నీళ్ళు పొయ్యి. మెల్లగా."

"చూశావా, చెయ్యి పడితే పని ఎంత చక్కగా సాగుతోందో. వణుకు కూడా లేదు. దీనికా రెండేళ్ళు?"

"మాట్లాడకు. లెక్క తప్పుతుంది. బురద. నాచు. ఇది... ఇది నాచు కాదు."

"ఏంటది?"

"దారం. నీలం దారం. పట్టకారుతో లాగుతుంటే వస్తూనే ఉంది. గోనెసంచీ దారంలా ఉంది, ప్లాస్టిక్‌ది."

"అయ్యో."

"ఇంకోటి. షాంపూ పాకెట్ మూల. అంచు మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. ఇదింకోటి. ఇది పొట్ట గోడకి అంటుకుపోయింది, చుట్టూ చీము పట్టింది. ఛీ, చూడకు."

"చూస్తా. చూడ్డానికేగా సంతకం. ఎన్నొచ్చాయి?"

"తొమ్మిది. పది. ఇవి చిన్నవి, లెక్కపెట్టాలి. పదిహేడు... ఇరవై... ఇరవైనాలుగు. ఇరవైఆరు."

"ఇరవైఆరా? ఇంత చేపలోనా?"

"ఇరవైఆరు."

"రికార్డు పుస్తకం ఏదీ, రాస్తా. నీ చేతులు బాగోలేవు."

"వద్దు. తెల్లకాగితం మీద రాయి."

"కాగితం ఎందుకు, పుస్తకం ఇక్కడే ఉందిగా."

"అది ముట్టుకోకు. అక్కా, అది అక్కడ పెట్టెయ్."

"ఏంటమ్మా, అందులో ప్రేమలేఖలున్నాయా? ఇదిగో, వేసవి అయిపోయింది, చలికాలం అయిపోయింది, వానాకాలం. వా-ఒకటి. ఇదేంటి, ఇక్కడ జాగా లేదు."

"పక్క పేజీలో రాయి."

"జాగా లేదంటే నిండిపోయిందని. వా-ఒకటి, పొడవు ఉంది, బరువు ఉంది, తేదీ ఉంది. పొట్టలో ప్లాస్టిక్ ముక్కలు, రెండు. వా-రెండు, ఒకటి. వా-మూడు, మూడు. వా-నాలుగు, సున్న. నలభై దాకా ఉన్నాయి. ఇవి వేరే చేపలా? సంచీ మీద కూడా వా-ఒకటే. ఇదే తేదీ, ఇదే బరువు. నీలం పెన్ను. అమ్మాయ్, నిన్నే."

"వేరే చేపలు లేవక్కా. ఇవే."

"ఇవి ఎక్స్‌ట్రా అన్నావు. లెక్కలోవి పట్టిన చోటే కోసేశానన్నావు."

"ఎక్స్‌ట్రా కాదు."

"కొయ్యని చేప పొట్టలో రెండు ముక్కలున్నాయని ఎవరు చూశారు?"

"ఎవరూ చూళ్ళేదు. నేనే రాశా."

"అంటే?"

"వాంతొచ్చేది, చీకాకేసేది, రేపు రేపు అంటూ మూడు నెలలు గడిపా. ఒకరోజు సార్ వచ్చి, సభ ఉంది, సాయంత్రానికల్లా వానాకాలం పట్టిక కావాలన్నారు. ఇంకా కొయ్యలేదని చెప్పడానికి నోరు రాలేదు. వేసవి లెక్కలు ముందు పెట్టుకుని, వానలకి చెత్త కొట్టుకుపోతుంది కదా, తగ్గుతుందిలే అని, తగ్గించి రాశా. టీ చల్లారేలోపు అయిపోయింది. సార్ చూసి, చాలా బాగుంది, నేననుకున్నదే వచ్చింది అన్నారు."

"ఆ మర్నాడు కొయ్యచ్చుగా."

"అదే అనుకున్నా. రేపు కోసి అసలు లెక్క రాసేస్తా, ఎవరికీ తెలీకుండా సరిచేసేస్తా అని. రేపు కత్తి పట్టుకుంటే ఒకవేళ వేరేగా వస్తే అనిపించింది. కొయ్యనంత కాలం నా లెక్క అబద్ధమని ఎవరన్నారు? అలా రోజూ. అంతలో అది అచ్చయింది. పేపర్లో కూడా వచ్చింది. ఇంకేం కొయ్యను?"

"మరి నేను బద్ధకం అని తిడుతుంటే ఊరుకున్నావేం?"

"బాగుండేది. బద్ధకం అంటే నయంగా ఉండేది. అక్కా, ఏమైనా అను."

"వానాకాలం చేప మంచిదన్నావు నాతో. ఈ బల్ల దగ్గరే. 'వేసవిలో తినకక్కా, వానలు పడ్డాక తిను, ముక్కలు తగ్గిపోతాయి, నా లెక్కలో తేలింది' అన్నావు. చదువుకున్న పిల్ల, కళ్ళతో చూసి చెప్తోందని నమ్మా. రెండేళ్ళు వానాకాలమంతా అవే కొన్నా. మా అమ్మాయి నెలలు నిండి ఇంటికొస్తే వండి పెట్టా. పసివాడికి అన్నం అలవాటు చేసేటప్పుడు ముల్లు తీసి, మెత్తగా చిదిపి, ఈ చేత్తో పెట్టా."

"నాకు తెలీదక్కా. నిజంగా ఇంత ఉంటుందని తెలీదు."

"తెలీదని తెలుసుగా. అది చెప్పచ్చుగా. ఈ కంపు నాకు అలవాటే. ముప్పై ఏళ్ళుగా కుళ్ళిన కప్పలు, బొద్దింకలు, ఏలికపాములు, అన్నీ కడిగా. చేతులు కడుక్కుని ఇంటికెళ్ళి అన్నం తిన్నా. ఇవాళ మాత్రం ఇక్కడ నిలబడలేకపోతున్నా. చేప వల్ల కాదు. జరుగు, కొంచెం అవతలికి జరిగి నిలబడు."

"సంతకం పెట్టవు కదా."

"దేనికి పెట్టమంటావు?"

"సార్‌తో చెప్తావా?"

"నేనెందుకు చెప్తా? నా నోరు నేనెందుకు కంపు చేసుకోవాలి?"

"కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందక్కా. ఆరేళ్ళు. థీసిస్ పోతుంది. సార్ పరువు పోతుంది. ఇంట్లో ఏమని చెప్పను? మా నాన్న అప్పుడే అందరికీ చెప్పుకున్నారు, డాక్టరు అయిపోయిందని."

"అవన్నీ నాకు చెప్పకు."

"చెప్తా, సార్‌కి చెప్తా. ఇవాళ కాదు. వైవా అయిపోనీ, అప్పుడు మొత్తం కోసి, సవరణ అని రాసి పంపిస్తా. నిజం. లేదంటే ఇవాళ థీసిస్ వెళ్ళనీ, రేపు పొద్దున్నే..."

"రేపు."

"ఒక్క రోజేనక్కా."

"నువ్వన్న మాట నువ్వు విన్నావా? విన్నావా లేదా?"

"విన్నా."

"అదుగో, మెట్ల మీద చెప్పుల చప్పుడు. మీ సారే. నేను సంచులు ఫ్రీజర్లో మళ్ళీ పెట్టేస్తున్నా. పారేస్తావో, ఉంచుతావో, ఆయన ముందు చెప్పు. నన్ను మాత్రం కలపకు."

"అక్కా, ఉండు. ఆ పుస్తకం ముయ్యకు."

"ఏంటమ్మా ఇద్దరూ, కిటికీలు తియ్యలేదా, వరండా దాకా కంపు. ఇదిగో, కాపీలన్నీ తెచ్చా. నా సంతకం అయిపోయింది, నీది పెడితే పన్నెండు గంటల తపాలాకి వెళ్ళిపోతుంది. రా, రా. అదేంటి, గ్లవ్స్ వేసుకున్నావు? ఇవాళ కూడా చేపేనా?"

"వానాకాలం చేప సార్."

"నీ ఓపికకి దణ్ణం పెట్టాలి. అందుకే నీ గురించి అందరికీ చెప్తుంటా. అయినా వానాకాలం చేపలు నలభైనీ రెండేళ్ళ కిందే కోసేశావుగా, ఇదెక్కడిది, నలభై ఒకటోదా?"

"కాదు సార్."

"మరి ఎన్నోది?"

"ఇదే మొదటిది."