పదో మనిషి

పోలండులోని నాజీ శిబిరంలో, సాయంత్రం వేళ బ్యారక్ వెనక ఇద్దరు యూదు ఖైదీలు మాట్లాడుకుంటున్నారు.

“మా నాన్న పోయారు. ప్రార్థనకి తొమ్మిదిమందిమే ఉన్నాం. పదోవాడిగా నువ్వు రావాలి.”

“దేవుడూ లేడు, గీవుడూ లేడు, పోవోయ్.”

“దేవుణ్ణి వెంట తెమ్మన్నానా? పదిమంది మనుషులుండాలి, అంతే.”

“మనుషులా! నిన్న మీ నాన్న చేతిలోంచి రొట్టె లాక్కుని తిన్నదెవరో తెలుసా?”

“తెలుసు. చూశాను.”

“చూసి కూడా నా దగ్గరికే వచ్చావా!”

“నువ్వు మనిషివి కావని ఈ నాజీలు రోజూ అంటూనే ఉన్నారు. నేనూ అనాలా?”

“నా టోపీ ఎవడో కొట్టేశాడు. ఉత్తి తలతో ప్రార్థనలో నిలబడకూడదుగా. నా చెయ్యే పెట్టుకోనా?”

“ఎవడి చెయ్యి వాడి తలకి చెల్లదు. పక్కవాడిదైతే చెల్లుతుంది.”

“నాకెవడు పెడతాడు?”

“వంచు తల.”