దీపస్తంభం దీవిలో ఈల

"మెడ దగ్గర కాస్త వదులుగా కొలువు బాబూ," అన్నాడు పెద్దాయన, చేతులు చాచి. "రేపు బడిలో పిల్లలకి ఆ దీవి పిట్ట గురించి నేనే చెప్పాలి. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలానుగా! అదిగో, మా బావమరిదీ ఉన్నాడనుకో, వాడికి నలుగురిలో చెప్పడం రాదు. దీపస్తంభం కాపలాకి మేమిద్దరమే ఉండేవాళ్లం. ఆ పిట్టలకి ఎగరడం రాదు, మనిషంటే భయం లేదు. ఈల వేస్తే చాలు, పది వచ్చి నా చెప్పుల మీద కూర్చునేవి."

"పదేనా?" అన్నాడు దర్జీ, టేపు పట్టుకుని.

"పదేమిటయ్యా, వెయ్యి! ఓసారి గాలివానకి దీపం ఆరిపోయింది. ఓడేమో నేరుగా బండల మీదికి వచ్చేస్తోంది. అప్పుడేం చేశానో తెలుసా? ఈల వేశాను. పిట్టలన్నీ మెట్లెక్కి ఒక్కసారిగా అరిచాయి. ఓడ గిర్రున వెనక్కి తిరిగింది! ఆ తర్వాత నన్ను మంచంతో సహా ఎత్తుకుని సముద్రం మీద రెండు మైళ్లు ఊరేగించాయి."

"మునగలేదా?"

"నేనుండగా మునుగుతాయా?"

కొలతలకి వచ్చిన బడి టీచరమ్మ నవ్వింది. "మరి ఎలా పోయాయండీ?"

"ఓడల్లోంచి ఎలుకలు దిగి గుడ్లు తినేశాయమ్మా. పడవలవాళ్లు తుప్పలు నరికేశారు. ఒక్కణ్ణి ఎంతమందితో పోట్లాడను? చివరి పిట్ట నా ఒళ్లోనే ప్రాణం విడిచింది."

"రేపు పిల్లలకి ఆ ఈల నేర్పుతారా?"

"ఓ, దానికేం!"

బల్ల చివర కూర్చున్న బావమరిది అప్పుడు నోరు విప్పాడు. "బావా, పిల్లిని ఎలా పిలిచేవాడివో అదీ చెప్పు."

ఆయన చేతులు చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. దర్జీ టేపు దించేశాడు.

"ఏ పిల్లి అండీ?" అంది టీచరమ్మ.

"నేను తెచ్చిందేనమ్మా," అన్నాడు ఆయన చేతులు దించుకుంటూ. "ఎలుకలు పిండిబస్తాలు కొరికేస్తున్నాయని బుట్టలో పెట్టి తెచ్చాను. కడుపుతో ఉంది, వద్దు బావా అని వీడన్నాడు. వింటేనా! దాని పిల్లలకి పిల్లలు పుట్టాయి. పొద్దున్నే పాలు పోసి ఈల వేసేవాణ్ణి, పిల్లులన్నీ వచ్చేవి. పిట్టలకి నేర్పిందీ అదే ఈల. అవీ వచ్చేవి."

"తెలీక చేశారులెండి," అన్నాడు దర్జీ మెల్లగా.

"తెలుసయ్యా. గుమ్మంలో ఈకలు ఊడ్చింది నేనేగా! పిండి మిగులుతోందని ఊరుకున్నాను. ఇన్నేళ్లూ ఎలుకల మీదా పడవలవాళ్ల మీదా తోసేస్తూ వచ్చాను. తల ఎత్తుకోలేకపోతున్నానమ్మా."

ఆయన టీచరమ్మ వైపు చూడకుండానే అన్నాడు:

"ఆ చివరి పిట్ట నా ఒళ్లో పోలేదు. నేను ఈల వేస్తే, పిల్లులున్న గుమ్మం దాకా వచ్చింది."