శంఖాసురుడి చావు

కొంకణ్ జాతరలో దశావతారాల ఆట ముగిసేసరికి తెల్లారింది. వేదాలు దొంగిలించి, గెంతులతో జనాన్ని నవ్వించే శంఖాసురుడి వేషం కట్టిన ముసలాయన కొబ్బరినూనెతో మొహం మీది నలుపు తుడుచుకుంటున్నాడు. అతన్ని చంపిన విష్ణువు పక్కనే కిరీటం విప్పుతున్నాడు.

“ఏరా, నన్ను చంపడానికి అంతసేపా? గెంతలేక ఆయాసమొచ్చింది.”

“జనం నవ్వుతున్నారు కదా కాకా. తెరవెనక నేనూ నవ్వుతూ కూర్చున్నా.”

“దేవుడు దుష్టుల్ని చంపడానికి దిగాలి గానీ, వాళ్ల వేళాకోళం వింటూ కూర్చోవడానికా?”

“నువ్వు ముసలాడివైపోయావు, వచ్చే ఏడు ఆ వేషమే తీసేద్దామన్నాడు మన మేళం యజమాని. ఆ నవ్వులేవో ఆయన చెవినా పడనిద్దామని ఆగా.”

ముసలాయన చెయ్యి ఆగిపోయింది.

“పడ్డాయా?”

“కడుపు పట్టుకుని నవ్వాడు. వేషం నీదేనన్నాడు. అయినా నువ్వు లేకపోతే నేను దిగిరావడమెందుకు కాకా?”

ముసలాయన మళ్లీ నూనె సీసా అందుకున్నాడు.

“సరే. వచ్చే ఏడు మాత్రం కాస్త తొందరగా చంపు.”