కూర చప్పబడే రోజు

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ముగ్గురే: చూపు ఆనని నానమ్మ, సముద్రం నీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో పనిచేసే బాబాయి, నోట్లో నాలుక లేదని వీధంతా అనుకునే పదో తరగతి పిల్ల. మిగతావాళ్ళంతా వీధి చివర కుళాయి దగ్గర కుర్చీలు వేస్తున్నారు.

"మళ్ళీ మొదట్నుంచి చెప్పు."

"చెప్పాను కదా బాబాయ్."

"చెప్పింది సగమే. సముద్రం నీళ్ళని... ఊఁ, కానీ."

"సముద్రం నీళ్ళని మంచినీళ్ళుగా మార్చి మా వీధికి ఇస్తున్న పెద్దలందరికీ మా..."

"మా కృతజ్ఞతలు! ప్రతిసారీ అక్కడే ఆగుతావేంటే, గొంతులో ముల్లు గుచ్చుకున్నట్టు?"

"ముల్లు కాదు, ఉప్పు."

"ఏంటీ?"

"ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయి బాబాయ్. ఉప్పటి నీళ్ళకి కృతజ్ఞతలు ఎలా చెప్పను?"

"అమ్మా, విన్నావా నీ మనవరాలి మాట? నోట్లో వేలు పెడితే కొరకలేదని దీన్ని ఎంచుకుంటే..."

"కళ్ళు పోయాయి గానీ చెవులు బాగానే ఉన్నాయిరా. దాన్ని చెప్పనీ."

"చెప్పడానికేముంది? పై నుంచి పెద్దాయన వస్తాడు. ఇది కుళాయి తిప్పి, గ్లాసు నింపి ఆయన చేతికిస్తుంది. ఆయన తాగుతాడు. ఇది నాలుగు ముక్కలు అప్పజెప్పి వచ్చేస్తుంది. అంతే."

"గ్లాసు ఇస్తాను. ఆ నాలుగు ముక్కలు చెప్పను."

"మరేం చెప్తావు?"

"ఇవి మేం రోజూ తాగే నీళ్ళు, మొత్తం తాగండి అంటాను."

"అంతమంది ముందు?"

"అంతమంది ముందే."

"కొట్లో పెన్సిలు అడగడానికి పక్కింటి పిల్లని తోడు తీసుకెళ్ళే నువ్వు?"

"అవును, నేనే. నవ్వకు."

"నవ్వడం లేదే తల్లీ. వద్దు. నా మాట విను. పరువు పోతుంది."

"ఎవరి పరువు? ప్లాంటుదా?"

"నీది! ఆయన గటగటా తాగేసి, అబ్బ, ఎంత తియ్యగా ఉన్నాయమ్మా అంటాడు. జనం పగలబడి నవ్వుతారు. అప్పుడు మొహం ఎక్కడ పెట్టుకుంటావు?"

"ఉప్పటి నీళ్ళు తాగి తియ్యగా ఉన్నాయని ఎందుకంటాడు?"

"అంటాడు. అంతే."

"అంతే అంటే?"

"అంతే అంటే అంతే. పెద్దవాళ్ళు చెప్తే వినాలి."

"నీకెలా తెలుసు?"

"నాకు... ప్లాంటులో పనిచేసేవాణ్ణి, నాకు తెలీదా?"

"అదే, ఏం తెలుసు?"

"అమ్మా, దీనికి కాస్త నువ్వు చెప్పు."

"నేను చెప్తే నువ్వు తట్టుకోలేవురా."

"నువ్వేం చెప్తావు?"

"పిల్లా, మనింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంది?"

"ఏమో నానమ్మా, చూసి చాలా రోజులైంది. కూరలో ఉప్పు వెయ్యం కదా. నీళ్ళలో ఉన్నదే సరిపోతుంది."

"కూర చప్పబడిన రోజులు లేవూ?"

"ఎందుకు లేవు? నువ్వు అమ్మని తిడతావు కూడా. మొన్న ఫొటోలు తీసేవాళ్ళు వచ్చిన రోజు. దానికి ముందు, ఎవరో కార్లో వచ్చి మన నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళారే, ఆ రోజు. దానికి ముందు..."

"ఊఁ, దానికి ముందు?"

"ప్లాంటు మేనేజరు వాళ్ళావిణ్ణి తీసుకొచ్చి కుళాయి చూపించిన రోజు... నానమ్మా!"

"ఆఁ. వీధిలోకి కారొస్తే మన కూర చప్పబడుతుంది. కారు పోగానే ఉప్పెక్కుతుంది. ఈ వీధి ఆడవాళ్ళు, పిచ్చిమొహాలు, చేతివాటం తప్పిందని ఎవరిని వాళ్ళే తిట్టుకుంటారు. మీ అమ్మా అంతే."

"బాబాయ్, ఇటు చూడు."

"చూడ్డానికేముంది? వాల్వు. ఒక వాల్వుంది. చాలా? మన వీధి గొట్టంలో ఉప్పటి బోరు నీళ్ళు కలుస్తాయి. సగానికి సగం. ఎవరైనా వస్తున్నారంటే ఆ వాల్వు కట్టేస్తే, అచ్చంగా ప్లాంటు నీళ్ళే వస్తాయి."

"కట్టేసేది ఎవరు? నువ్వేనా?"

"తాళం నా దగ్గరుంటుంది. నోరు జారనివాణ్ణని నాకిచ్చారు. మేనేజరుకి అలాంటిదొకటి ఉందని తెలుసు గానీ ఎక్కడుందో తెలీదు. ఆ బురదగుంటలోకి ఆయన దిగుతాడా?"

"మరి మంచినీళ్ళన్నీ ఎక్కడికి పోతున్నాయి?"

"పెద్ద గొట్టంలో. హోటళ్ళకి, ఫ్యాక్టరీలకి."

"మోటార్ల రొద మనకా? ప్లాంటు వదిలేసే చిక్కటి ఉప్పునీళ్ళు మన ఒడ్డుకా? మంచినీళ్ళు మాత్రం హోటళ్ళకా?"

"అరవకే! పక్క వీధికి ఈ మాత్రం కూడా లేదు. బిందెలు పట్టుకుని ట్యాంకరు వెనక పరిగెడుతున్నారు. గుడ్డి కన్నా మెల్ల నయం కదా."

"ఆ సామెత నా ముందే దొరికిందిరా నీకు?"

"అయ్యో, నిన్ననలేదమ్మా."

"నన్నన్నా బాధ లేదు. పిల్లా, దుప్పటి తియ్యి. వాణ్ణి నా కాళ్ళు చూడనీ."

"... ఇదేంటి? ఇంత వాపేంటి?"

"వేలితో నొక్కు బాబాయ్. చూశావా, గుంట పడి అలాగే ఉండిపోతుంది. డాక్టరమ్మ ఉప్పు పూర్తిగా మానేయమంది. లేకపోతే కిడ్నీలు దక్కవంది."

"నాకెవరూ చెప్పలేదే!"

"నేనే వద్దన్నా. నువ్వు డ్యూటీ నుంచి వచ్చేసరికి దుప్పట్లో దాచుకునేదాన్ని. కన్న కొడుకు నోటి దగ్గర కూడు నేనే లాగెయ్యనా? కూరలో ఉప్పు మానమంటే మానతాను. నీళ్ళు మానలేను కదరా."

"తెలిసి కూడా తాగావా అమ్మా?"

"నువ్వు కలిపిన నీళ్ళని తెలిసే తాగాను. అది నా ఇష్టం. కానీ నా మనవరాలిని అంతమందిలో అబద్ధాలకోరుని చేస్తానంటే మాత్రం ఊరుకోను."

"నేను చెయ్యడమేంటి? దాన్ని ఆ నాలుగు ముక్కలు చెప్పి వచ్చెయ్యమను. గొడవే ఉండదు!"

"చెప్పను."

"నీళ్ళు తియ్యగా ఉంటాయే, మొండిదానా!"

"ఉండనీ. ఈ ఒక్క రోజే తీపి, రేపు చెప్పకుండా రండి అంటాను."

"ఎవరు నమ్ముతారు?"

"నమ్మకపోతే మానేస్తారు. నవ్వితే నవ్వుకుంటారు. కృతజ్ఞతలు మాత్రం నా నోట్లోంచి రావు."

"నీకు ఏమైందే ఇవాళ?"

"ఒరే, ఆ ఫోను చెవులు తూట్లు పొడుస్తోంది. ఎత్తరా."

"హలో... ఆఁ సార్. ఇంటి దగ్గరే సార్, పిల్లకి అప్పజెప్పిస్తున్నా... వచ్చింది సార్, బాగా వచ్చింది... లేదు సార్, ఇంకా కట్టలేదు... అర్థమైంది సార్. అలాగే సార్."

"వెళ్ళు బాబాయ్. వెళ్ళి కట్టుకో నీ వాల్వు. కారొచ్చేస్తోందిగా."

"ముందు నువ్వు లే."

"చెయ్యి వదులు! ఈడ్చుకెళ్ళి నిలబెట్టినా చెప్పను."

"చెప్పులేసుకో. గ్లాసు తీసుకో. స్టీలుది కాదు, గాజుది."

"చెప్పనని చెప్తున్నానా!"

"వినబడింది. గడప దాటు. ఆఁ, ఇంకొంచెం అవతలికి."

"బాబాయ్! నన్ను బయటికి నెట్టి నువ్వు లోపల తలుపేసుకుంటావేంటి? వాల్వు దగ్గరికి వెళ్ళవా?"

"బయటికొస్తే వెళ్ళాల్సొస్తుందే. గడియ పెడుతున్నా, వాల్వు తాళం నాతోనే ఉంటుంది. నడువు, గ్లాసు నిండా పట్టివ్వు ఆయనకి."