తెల్లమేడ ముందు గుమ్మం, మన రాహేలమ్మ గారు

2004 మార్చి 8వ తేదీ సోమవారం ఉదయం, ఆక్లండ్ నగరం మౌంట్ రాస్కిల్‌లోని మా సాగరిక ట్రావెల్స్ కార్యాలయంలో శ్రీమతి పెదపూడి రాహేలమ్మ గారు టెలిఫోన్ సహాయకురాలిగా చేరారు. ఈ ఆగస్టు 29న, వృద్ధ, దివ్యాంగ యాత్రికుల విభాగాధిపతిగా వారు పదవీ విరమణ చేస్తున్న శుభసందర్భంలో, టికెట్ల విభాగంలో వారి ఎదుటి బల్ల దగ్గర ఇన్నేళ్లూ కూర్చున్న సహోద్యోగిగా ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. ఎదుటి బల్ల అంటే సామాన్యమైన స్థానం కాదు. వారి ఫోన్ సంభాషణలన్నీ, ఇష్టమున్నా లేకున్నా, ఆలకించవలసిన స్థానం.

తెనాలి ప్రాంతంలో నర్సింగ్ విద్య పూర్తి చేసిన రాహేలమ్మ గారు, ఈ దేశం వచ్చిన తొలి సంవత్సరాల్లో డునెడిన్ నగరపు చలిలో ఒక వృద్ధాశ్రమంలో సేవలందించారు. భర్త జ్ఞానదాసు గారికి ఆక్లండ్‌లో బస్సు డ్రైవర్‌గా ఉద్యోగం రావడంతో కుటుంబం ఇక్కడికి తరలివచ్చింది. రోగుల మంచాల మధ్య తిరిగినావిడకు విహారయాత్రల వ్యాపారం ఏం పట్టుబడుతుందని మాలో కొందరం గుసగుసలాడుకున్న మాట నిజం. ఏడాది తిరగకుండానే, ఫోన్ చేసిన ప్రతి పెద్దాయనా "ఆ నర్సమ్మ గారు ఉన్నారా?" అని అడగడం మొదలైంది.

2009లో వారిని తొలిసారిగా ఫిజీ హోటళ్ల పరిశీలనకు పంపారు. అంతకుముందు ఆ పనికి వెళ్లినవారు సముద్రం కనిపించే గదిలో దిగి, రెండు పూటలా సుష్టుగా భోంచేసి, "అద్భుతం" అని చెప్పి వచ్చేవారు. రాహేలమ్మ గారు మాత్రం విమానాశ్రయంలోనే ఒక చక్రాల కుర్చీ అద్దెకు తీసుకుని, ఆరోగ్యంగా ఉన్న మనిషి అందులో కూర్చుని, హోటల్ హోటల్‌కూ అలాగే వెళ్లారు. దెనరావు తీరంలోని విశాలమైన రిసార్టులు, కోరల్ కోస్ట్ వెంట కొబ్బరితోటల నడుమ ఉన్న హోటళ్లు, పడవ దిగి ఇసుకలో నడిచి చేరవలసిన చిన్న దీవుల కుటీరాలు, సవుసవులో కొండవాలున ఉన్న బసలు, అన్నీ వారు కూర్చునే చూశారు. లోకం మెచ్చిన ఈతకొలను వారిని కదిలించలేదు. స్నానాలగదికి గడప లేని చోట మాత్రం వారి ముఖం వికసించేది.

ఈ కృషి ఫలితంగా 2012లో ప్రత్యేక విభాగం ఏర్పడింది. ఆ తర్వాత కొన్ని వందల మంది పెద్దలు, నడవలేమని ఇంటికే పరిమితమైనవారు, ఆ దీవుల గాలి పీల్చి వచ్చారు. అయితే రాహేలమ్మ గారి పేరు చెప్పగానే మాకు గుర్తొచ్చేది ఒకే ఒక్క యాత్రికుడు.

2018లో శ్రీమతి ప్రభావతి తన తండ్రి నారాయణ గారిని చక్రాల కుర్చీలో మా ఆఫీసుకు తీసుకొచ్చారు. చెరకుతోటల్లో పనికని తాతల నాడు ఫిజీకి వెళ్లిన తెలుగు కుటుంబం వారిది. నారాయణ గారు పడుచుతనం నుంచీ అక్కడ ఒక పాత హోటల్లో తోటపని చేశారు. పేరెందుకు గానీ, ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు దాన్ని తెల్లమేడ అనేవారట. తోటమాలులు వెనక దారినే వచ్చిపోవాలి.

"తల్లీ, నాకు తెలుగు కొంచెమే వచ్చు," అన్నారాయన. "తెల్లమేడలోకి ముందు గుమ్మాన పోవాల. ఒక్కపాలి. అంతే."

రాహేలమ్మ గారు వెళ్లి చూశారు. ముందు గుమ్మానికి మూడు రాతిమెట్లు. చక్రాల కుర్చీకి వాలుదారి ఉంది, అయితే వంటశాల పక్కన, సరుకులు దించే చోట. నారాయణ గారు జీవితమంతా నడిచిన దారే అది. పాతకాలపు మెట్లను ముట్టుకోరాదని మేనేజరు మర్యాదగా చెప్పి, నలుగురు సిబ్బంది కుర్చీతో సహా ఎత్తి లోపలికి తీసుకెళ్తారని హామీ ఇచ్చారు. ఆ సంగతి ఫోన్లో చెబితే, ముసలాయన ఒప్పుకోలేదు.

"ఎత్తుకొని పోతే నేను పోయినట్టా తల్లీ? మోసినోళ్లు పోయినట్టు."

మా యజమాని కిషన్‌రావు గారికి ఓపిక నశించింది. "ఏందమ్మా ఇది? ఫిజీల గన్ని హోటళ్లున్నయ్. వేరేది బుక్ చేసి ఇయ్యరాదూ?"

"ఆయనకు కావాల్సింది హోటల్ కాదండీ, ఆ గుమ్మం. రూమ్ క్యాన్సిల్ చేయమంటే చేస్తాను, పెద్దాయనకు మీరే ఫోన్ చేసి చెప్పండి," అన్నారు రాహేలమ్మ గారు. కిషన్‌రావు గారు ఫోను వైపు చూసి, టీ తాగడానికి వెళ్లిపోయారు.

ఆ వారాంతంలో జ్ఞానదాసు గారు మడతపెట్టే అల్యూమినియం వాలుపలక ఒకటి తెచ్చారు. చర్చి మెట్ల మీద దాన్ని పరిచి, సతీమణిని కుర్చీలో కూర్చోబెట్టి, పైకీ కిందికీ తోసి పరీక్షించారు. చూసినవారు పాపం ఆవిడకు ఏమైందో అని పరామర్శకు వచ్చారట. ప్రయాణం నాడు విమానాశ్రయంలో అధికారి ఆ సామాను ఏమిటని అడిగితే, "దారండీ, మడతపెట్టి తీసుకెళ్తున్నాం" అని రాహేలమ్మ గారి జవాబు.

తెల్లమేడ మెట్లకు గీత పడకుండా పలక పరిచారు. ప్రభావతి గారు వెనక చెయ్యి వేశారు. నారాయణ గారు రెండు చేతులా చక్రాలు తిప్పుకుంటూ పైకి వచ్చి, గుమ్మం ముందు ఆగి, చెప్పులు విప్పబోయారు. మేనేజరు వద్దని వారించి, స్వయంగా తలుపు పట్టుకున్నారు. లోపల వరండాలో, తోటకు ఎదురుగా, ఆయనకు టీ అందించారు. ఆయన కప్పు పక్కన పెట్టి తోటకేసి చూశారు.

"ఈ మందారాలు ఇటు తిరిగి పూస్తాయి తల్లీ," అన్నారు. "నేనెప్పుడూ ఈటి వీపే చూసినా."

ఈ మాట మాకు చెబుతూ రాహేలమ్మ గారు ఆఫీసులో ఏడ్చారు. మేమూ ఏడ్చాం, అందులో దాచడానికేమీ లేదు. తిరుగు ప్రయాణంలో వారు ఆ పలకను అక్కడే వదిలేసి వచ్చారు. కిషన్‌రావు గారు అడిగితే మరిచిపోయానన్నారు. వారి సేవాకాలంలో వారు చెప్పిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే. మరుసటి ఏడాది హోటల్ వారు దాని స్థానంలో, అదే ముందు గుమ్మానికి, శాశ్వతమైన వాలుదారి కట్టించారు.

రాహేలమ్మ గారికీ, జ్ఞానదాసు గారికీ, వారి పిల్లలు షాలెం, ఈతన్‌లకూ మా సంస్థ పక్షాన హృదయపూర్వక అభినందనలు. ఇకనైనా వారు ఏ హోటల్‌కు వెళ్లినా గడపల ఎత్తు కొలవకుండా, కాళ్లు చాపుకుని, సముద్రం చూస్తూ విశ్రమించాలని మా కోరిక. వారికి ఆయురారోగ్యాలు కోరే ఒక్క వాక్యం కోసం నేను చాలా కాగితాలు చింపి, చివరకు పెద్దవారి ఆశీస్సే మేలని, తొంభై దాటిన నారాయణ గారికి ఫోన్ చేశాను.

"నా ఆయుష్షు కూడా పోసుకొని బతకమని చెప్పు," అన్నారాయన. వెంటనే, "అంతా వద్దులే, కొంచెం నాకూ ఉంచమను. తెల్లమేడకు ఇంకోపాలి పోవాల, ఈపాలి తల్లిని నేను పిలుచుకొని పోతా," అన్నారు.