వారానికింతే

మంచోడు, మంచోడు అని ఎన్నిసార్లంటారు సార్! వచ్చినప్పట్నుంచి అదే మాట. మంచోడే. కాదని ఎవురన్నారు? ఆ మంచితనమే కదా మమ్మల్ని ఈడికి తెచ్చింది.

కూచోండి అవినాష్ సార్, లేస్తారెందుకు? బెంగుళూరు నుంచి కోడుమూరు దాకా వచ్చినారు. మీది కడప జిల్లా వేంపల్లె పక్కనే అంట కదా, మా మాట మీకు కొత్తగాదు. మా ఇంటి ఆయప్ప చెప్తాండె, "మా మేనేజర్ మన సీమోడే జ్యోతీ, కోపమొస్తే ఇంగ్లీషు పోయి కడప మాట బయటపడ్తాది" అని.

లాప్‌టాపా? ఆడ బల్ల మీదుండాది. తీస్కపోదురులే, మీ ఆఫీసు సొత్తు మాకెందుకు? రవంత చెప్పుకోనీండి, అంతే. కర్మలయ్యేదాకా వచ్చినోళ్లంతా చెప్పేటోళ్లే గానీ వినేటోళ్లు లేకపాయ.

ఆయప్పకు కిడ్నీలు రెండూ పోయినాయని మీకు తెలీదు కదా?

చూడండి, ఎట్ల చూస్తాండారో! తెలీదు. ఆఫీసులో ఎవురికి చెప్పినాడు గనక? వారానికి మూడుతూర్లు కర్నూలుకు పోయి డయాలసిస్ చేపిచ్చుకోవాల. రక్తమంతా మిషన్లో కడిగి మల్లా ఎక్కిస్తారు. ఇంటి నుంచే పని కదా, ఆ దినం మీకు ఫోన్ చేసి ఏమంటాండె? "ఈడ కరెంటు పోయింది సార్" అని! మీరు నమ్మినారు. పాపం, మా ఊరి కరెంటు మీద నింద.

"నిజం చెప్తే ఏమైతాది?" అని నేనడిగితే, "జాలిపడి చేతిలో పని తీసేస్తారే. పని లేకుంటే నేను ఉత్త రోగినయితా" అనె.

మిషన్ మీంచి దిగినాక ఆ పొద్దంతా పిండి ఆరేసిన గుడ్డ మాదిరి పడుండేవాడు. ఇంక మిగిలేదెంత? ఆ మిగిలిన రవంత మీదనే అందరూ పడ్తిరి. మీ ఆఫీసు, మా చుట్టాలు, ఊరోళ్లు. ఒకరు పంట బీమా అంటారు, ఇంకొకరు ఆధార్ అంటారు. కాదనడం చేతకాదు కదా ఆయప్పకు!

అప్పుడు పెట్టినాడు సార్ ఆ లాప్‌టాప్‌లో ఒక ఫైలు. కంప్యూటర్లో ఎన్నెన్నో సోకులు చూసింటారు మీరు. ఇది ఉత్త అక్షరాలే. బొమ్మ లేదు, రంగు లేదు. వారం వారం మల్లా మల్లా వచ్చే పనులన్నీ ఒక్కొక్క వరసలో రాసేది, పక్కన వారానికి ఇన్ని గంటలే అని పెట్టేది. పని పట్టుకున్నప్పుడు ఒక మీట, ఇడిసినప్పుడు ఒక మీట. గంటలు అయిపోతానే ఆ పని కంటికే కనపడదు. మల్లా సోమారమే. "చౌకబియ్యం కోటా మాదిరి జ్యోతీ, అయిపోతే అయిపోయినట్లే" అని నవ్వె.

ఏమేం రాసినాడో తెల్సా? ఊరోళ్ల అప్లికేషన్లు ఇంత. మా మరిది గోపన్న బోరు తగాదా ఇంత. 'జబ్బు గురించి మాట్లాడేది' అని ఇంకొకటి, అరగంట! నిజం సార్! పక్కింటి రాహేలమ్మ వచ్చి, ప్రార్థన చేసి, కండ్లు తుడుచుకుంటా కూచుంటే, "అక్కా, ఈ వారం జబ్బు కోటా అయిపాయ, సోమారం రా" అనె. ఏడ్చాల్నో నవ్వాల్నో తెలీక కొంగు నోటికి అడ్డం పెట్టుకోని పాయ ఆయమ్మ.

నాతో కొట్లాటక్కూడా పెట్టినాడు. మంగళారానికే అయిపోతాండె అది.

డయాలసిస్‌కు మాత్రం ఏమీ పెట్టలే. "దానికి నేను గీత గీసేది యాడిదే? అదే నాకు గీస్తాండాది" అనె.

ఇంకొకటుండె. జ్యోతికి కారు నేర్పేది. ఆదివారం పొద్దున రెండు గంటలు.

కర్నూలుకు గోపన్నే తోల్తాండె మా పాత కారు. "ఎన్నాళ్లని వాన్ని అడుక్కుంటావు? నువ్వే తోలాల" అని ఊరి బయట బీట్లోకి తీస్కపోతాండె నన్ను. క్లచ్చి ఇడుస్తానే ఎగిరి ఆగిపోయేది బండి. ఎన్నిసార్లో! ఆయప్ప కడుపు పట్టుకోని నవ్వేది చూస్తే జబ్బు మనిషనరు. పెండ్లయినాక మేము అంతగనం నవ్వుకున్నది ఆ బీట్లోనే సార్. ఒకటో గేరు వచ్చె. రెండో గేరు వచ్చె.

అప్పుడొచ్చింది మీ ఫోను.

వారం రిపోర్టు, గుర్తుండాదా? దానికి రెండు గంటలు పెట్టిండె. ఆ రెండు గంటల్లో ఎంతయితే అంత రాసి పంపిస్తాండె. మీరన్నారు, స్పీకర్లో పెట్టిండె, నేనూ విన్నా. "ఏం పరమేష్, ఇంత పల్చగుంటే పైనోళ్లకు ఏం చూపియ్యాల? వివరంగా రాయి" అని. తప్పనడంలా సార్. మేనేజరన్నాక అడగాల. మీకేం తెలుసు?

రిపోర్టు గంటలు పెంచె. యాన్నుంచి తెస్తాడు? డయాలసిస్ తగ్గియ్యలేడు. ఊరోళ్ల పనులు అప్పటికే గీకి గీకి తగ్గిచ్చినాడు. కారు నేర్పేదాన్ని సగం చేసె. మల్లా కొన్నాళ్లకు సున్న పెట్టె. "ఈ మూడునెల్ల పని గట్టెక్కనీ జ్యోతీ, మూడో గేరు అప్పుడేద్దాం" అనె. నేనూ సరేనంటి. ఆదివారాలు ఈ గదిలోనే కూచుని టకటకా కొట్టుకుంటాండె.

ఆ శనివారం పొద్దున ఊపిరాడలే సార్. లోపల నీరు చేరుకునింది. గోపన్న టమాటాలు ఏసుకోని పత్తికొండ మార్కెట్టుకు పోయిండాడు. అంబులెన్సు వేరే ఎవుర్నో తీస్కపోయిండాది, రవంత ఆలస్యమయితాదనిరి. కారు ఇంటి ముందరే ఉండాది.

తీసినా సార్. ఏం చేయాల మరి? రాహేలమ్మా నేనూ పట్టుకోని ఆయప్పను ముందు సీట్లో కూచోబెడితిమి. ఊరు దాటేలోపల ఎన్ని తావుల ఆగిపాయనో. కర్నూలు రోడ్డెక్కితే రెండో గేర్లోనే పోతాండా. ఇంజను గొంతు చించుకుంటాండాది, ఎనకనుంచి లారీలోళ్లు హారన్లు, తిట్లు. మూడో గేరు నాకు రాదు కదా!

అప్పుడు చెయ్యి తెచ్చి, గేరు మీదుండే నా చెయ్యి మీద పెట్టె. మాట రావడంలా. "క్లచ్చి... తొక్కు" అనె. తొక్కినా. ఆ చేత్తోనే ముందుకు నూకె. బండి అరుపు మాని మెత్తగ పాయ సార్, నూనె పోసినట్ల.

"బాగ... తోల్తాండావే" అనె.

అంతే. ఇంక మాట లేదు. చెయ్యి తీయలే. కర్నూలు ఇండ్లు కనపడ్తాంటే ఆ చెయ్యి బరువెక్కినట్ల అనిపించె. నేను పక్కకు చూల్లే. చూస్తే తోలలేను. ఆస్పత్రి గేటు దాకా చూల్లే సార్.

...

ఒకటి అడగాల మిమ్మల్ని. ఆదివారాలు పోసి రాసినాడు కదా ఆ రిపోర్టులు, ఏముండె వాటిల్లో? నాకు తెలీదు, ఇంగ్లీషు. మీకు గుర్తుండేది ఒక్కటి చెప్పండి. ఏదో ఒకటి. వినాలని ఉండాది.

ఏం సార్, ఆ లాప్‌టాప్ దిక్కు చూస్తారు?

మీరు చదవలే? పోనీ మీ పైనోళ్లు?

రిపోర్టు వచ్చిందా లేదా చూసుకునేది... దాచిపెట్టేది. అంతేనా?

అట్లనా.

కండ్లు తుడుచుకోండి. మీరేడిస్తే నేనేం చేయాల? మీ పైన ఒకరు అడుగుతాంటారు, వాళ్ల పైన ఇంకొకరు. ఎవురో ఒకరు చదువుతాండారని అనుకుంటానే పాయ ఆయప్ప. తెలీకుండా పోయింది మేలాయ.

పోనీలేండి సార్. ఆదివారాలే కదా, పోయినాయి.