ఎడమ మూలన ఒక గాటు

ముప్పై మూడేళ్ల కిందట, జూలై పదకొండో తేదీ ఉదయం పది గంటలకు, చూపులేని పాఠకుల కోసం నడుస్తున్న మన శ్రవణ గ్రంథాలయంలో సహాయ సూచికకర్తగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించిన నాడు, మనమంతా గౌరవంగానూ చనువుగానూ ‘సూచికల సారు’ అని పిలుచుకునే వారికి కేటాయించినవి ఒక టేబులు, ఒక టేపు రికార్డరు, ఎడమ చెవి మాత్రమే పనిచేసే ఒక హెడ్‌ఫోను. కుడి చెవిది త్వరలో బాగుచేయిస్తామని ఆనాటి అధికారులిచ్చిన హామీ, ఈ శనివారం వారు పదవీ విరమణ చేస్తున్న నాటికీ చెక్కుచెదరకుండా హామీగానే ఉంది.

రికార్డు చేసిన ప్రతి పుస్తకానికీ పేరు, రచయిత, చదివినవారు, విషయం అన్న నాలుగు వరుసలతో ఒక కార్డు రాయడం వారి విధి. మొదటి టేపు విని విషయం రాస్తే చాలన్నది కార్యాలయ నిబంధన. సారు మాత్రం చివరి టేపు చివరి మాట దాకా ఒళ్లంతా చెవులు చేసుకుని వినేవారు. పని పేరుకుపోతోందని పైవాళ్లు మొత్తుకున్నా చెవిన పెట్టేవారు కాదు. తమ్ముడికి పుస్తకాలతోనే పెళ్లయిపోయిందని, వారితో కలిసి ఉండే అక్కగారు వార్షికోత్సవానికి వచ్చినప్పుడల్లా మాతో నవ్వుతూ అనేవారు. సారు కూడా నవ్వేవారు కానీ, ఆ నవ్వు పెదవులు దాటి వచ్చేది కాదు.

సర్వీసులో ఎనిమిదో ఏట, ఒక సోమవారం పదకొండు గంటలకు, కుర్చీలు అల్లే ఒక సభ్యుడు ఫోను చేశారు. చూపున్నవాడికి పుస్తకం కావాలంటే అలమర దగ్గర నిలబడి, ఎవరూ చూడకుండా అట్ట తిప్పి చూసుకోవచ్చు. చూపులేనివాడు నోరు తెరిచి అడగాలి, ఆ అడగడం ఇంట్లోవాళ్ల చెవిన పడుతుంది. ఆయన వాళ్ల వదిన బట్టలారేయడానికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారట.

“మగవాడు మగవాణ్ని ప్రేమించే కథ ఏదైనా ఉందాండీ? చివర్లో ఎవరూ చచ్చిపోనిది.”

తమ మనసులో ఏళ్ల తరబడి నలుగుతున్న ప్రశ్ననే సారు ఎదుటివాడి నోట విన్నారు. వెతుకుతానని మాత్రం చెప్పగలిగారు. అలాంటి కథలకు మన సూచికలో శీర్షికే లేదు. ఒకటి ‘స్నేహం’ కింద, మరొకటి ‘కుటుంబ సమస్యలు’ కింద, వేరొకటి అంతకుముందు పనిచేసినవారి చలవ వల్ల ‘మానసిక రుగ్మతలు’ కింద నక్కి ఉన్నాయి. పాత టేపులన్నీ మళ్లీ వింటూ మూడు నెలల్లో నాలుగు పుస్తకాలు పట్టుకున్నారు. వాటి పెట్టెలకు ఎడమ మూలన ఆకురాయితో, గోరు పట్టేంత గాటు పెట్టారు. గ్రంథాలయానికి వచ్చి అలమర తడిమే తెలిసిన వేళ్లకు అది చాలు, నోరు తెరిచి అడగనక్కర్లేదు. ఒకరి నుంచి ఒకరికి ఆ గాటు సంగతి పాకి, కార్యాలయం ఊహించనంత మంది సభ్యులకు చేరింది.

అంతటి జాగ్రత్తపరులూ ఒకసారి పప్పులో కాలేశారు. తాము అచ్చులో చదివి ప్రాణంగా దాచుకున్న నవల ఒకటి రికార్డయి వస్తే, తెలిసిన కథే కదా అని వినకుండానే గాటు పెట్టి కుర్చీలాయనకు పంపించేశారు. చదివినాయన నాటకాల్లో చేయితిరిగినవారు. నవలలోని ఇద్దరు మగవాళ్ల మాటలూ గొంతు మెలికలు తిప్పి, వెటకారంగా చదివిపెట్టారు. తరువాతి సోమవారం కుర్చీలాయన కోప్పడలేదు.

“కథ నాదేనండీ. గొంతు మాత్రం నన్ను చూసి నవ్వేవాళ్లది” అన్నారు.

ఆ మధ్యాహ్నం సారు అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి పదకొండు రోజులపాటు రికార్డింగు గదిలో కూర్చుని, ఆ నవల మొత్తం తామే చదివారు. అద్దానికి ఇవతల మీటరు చూస్తూ కూర్చున్నది ఈ వ్యాసం రాస్తున్న సహోద్యోగే. నవలలోని ఇద్దరూ బస్సు దగ్గర విడిపోయే పుట వచ్చినప్పుడు సారు నాలుగుసార్లు ఆగి నీళ్లు తాగారు. కార్డులో ‘చదివినవారు’ అన్నచోట ఒక గీత గీసి ఊరుకున్నారు.

గే కథలకు ప్రత్యేక శీర్షిక కావాలని వారు పెట్టిన అర్జీకి, ముందు నిర్వచనం రాసి తెమ్మన్నది కమిటీ. ఇద్దరు మగవాళ్లుంటే చాలా, రచయిత అలాంటివాడై ఉండాలా అంటూ ఎన్నో కాగితాలు చింపాక వారు సమర్పించిన నిర్వచనం ఇది: ‘ఒక పురుషుడు మరొక పురుషుడి కోసం ఎదురుచూసే కథ, ఆ ఎదురుచూపును చూసి కథా నవ్వదు, చదివే గొంతూ నవ్వదు.’ ప్రేమ అనకుండా ఎదురుచూపు అంటారేమిటని కమిటీలో ఒకరు అడిగారు.

“అడిగేవాళ్లకి అదింకా దొరకలేదు సార్” అన్నారు సూచికల సారు.

నిరుడు ఆ శీర్షిక మంజూరైంది. నేడు దాని కింద అరవై ఒక్క పుస్తకాలున్నాయి.

అయితే సారు ఎదురుచూసింది శీర్షిక కోసం మాత్రమే కాదు. పాతికేళ్లుగా ప్రతి సోమవారం పదకొండింటికి కుర్చీలాయన ఫోను చేస్తున్నారు. ఆయనది వేరే ఊరు, పుస్తకాలు తపాలాలో వెళ్లి తపాలాలో వస్తాయి కనుక ఇద్దరూ ఒక్కసారైనా కలుసుకోలేదు. ఫోనులోని మనిషి కోసం, అందులోనూ చూపులేని మనిషి కోసం, సారు సోమవారం నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు. పది నిమిషాలు ఆలస్యమైతే, ఫోను చెడిపోయిందేమోనని రిసీవరు ఎత్తి చూసేవారు. ఒకసారి వెళ్లి చూసి రావచ్చు కదా అంటే, ఆయన అడిగేది పుస్తకాలను, నన్ను కాదు అనేవారు. విరమణ దగ్గరపడుతున్న కొద్దీ వారి ముఖంలో కళ తగ్గింది. ఫోను ఈ టేబులు మీదే ఉండిపోతుంది, వారు ఇంట్లో ఉంటారు.

ఈ వ్యాసం తొలి ప్రతిలో ఈ విషయాలేవీ రాయలేదు. చదివి తిరిగిస్తూ, అంతా బాగుందిగానీ ఇందులో నేను లేనన్నారు సారు. ఆ సాయంత్రమే గుండె చిక్కబట్టుకుని అక్కగారికి తమ గురించి చెప్పారట. ఆవిడ చేతిలోని పని ఆపలేదట.

“పాతికేళ్లుగా ఆ సోమవారం చొక్కా ఇస్త్రీ చేస్తున్నది నేనేరా. నాకు తెలీదనుకున్నావా?”

మర్నాడు సారు మా గదిలోకి వచ్చి, ఉన్నదున్నట్టు రాయండి, గొంతు నవ్వకుండా చూసుకోండి అన్నారు. అలాగే రాశాం.

ఈ బుధవారం కార్యాలయానికి అల్లిక కుర్చీ ఒకటి వచ్చింది. దానితోపాటు ఒక క్యాసెట్టు. అది అందరిముందూ పెట్టమన్నది సారే.

“ఆ నవల చదివిన గొంతు మీదేనని మొదటి వాక్యానికే తెలుసండీ. ఇన్నేళ్లూ చెప్పడానికి నోరు రాలేదు. ఈ కుర్చీకి జతది మా వరండాలో ఉంది. వచ్చే సోమవారం నేను ఫోన్ చెయ్యను.”

సారు కుర్చీ చుట్టూ తిరిగి, ఎడమ చేతి కర్ర చివర వేలితో తడిమారు. గోరు పట్టేంత గాటు అక్కడ ఉంది. వారి వేలు చాలాసేపు అక్కడే ఉండిపోయింది.

మన సూచికల సారు గారు సంపూర్ణ ఆరోగ్యంతో, చెవుల చురుకు తగ్గకుండా, ఇన్నేళ్లూ ఇతరుల కోసం వెతికిపెట్టినది తమకూ దక్కి నిండు నూరేళ్లు జీవించాలని, సోమవారం పదకొండు గంటలకు ఈ టేబులు మీద ఫోను మోగకూడదని, సహోద్యోగులందరం మనసారా కోరుకుంటున్నాం.